ఉప్పు మానేసిన ఏడాది

డాక్టరు గది బయట బెంచీ మీద బస్సు డ్రైవరు, అతని భార్య పిలుపు కోసం కూర్చున్నారు. నర్సు ఇందాకే చూసింది, బీపీ ఈసారీ దిగలేదు.

“రోజూ వేసుకుంటున్నా తగ్గదేంటండీ? ఇంకో మాత్ర పెంచుతారు కాబోలు.”

అతను చేతిలోని తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.



“డ్యూటీ రోజుల్లో వేసుకోవట్లేదే.”

“అదేంటి! పొద్దున్నే నా చేత్తోనే ఇస్తున్నా కదా?”

“నాలిక కింద పెట్టుకుని, వీధి మలుపు తిరగ్గానే ఉమ్మేస్తున్నా.”

“ఎందుకని?”

“అది వేసుకుంటే గంటకోసారి ఒంటేలుకొస్తుంది. బస్సు నిండా జనం. ఎక్కడని ఆపను? ఏమని చెప్పను?”

“డాక్టరుగారితో చెబితే మందు మార్చేవారు కదా?”

“ఆడ డాక్టరాయె, ఆవిడతో ఆ మాటెలా అనను? సిగ్గేసింది.”

“నాతో చెప్పడానిక్కూడానా?”



“లోపల నువ్వే చెప్పవే. నాకు నోరు రాదు.”

“అలాగే, చెప్తా. ఒక్కటి చెప్పండి. మీకు తోడుగా నేనూ ఏడాది నుంచి చప్పిడి కూడు తింటుంటే, ఎదురుగా కూర్చుని మీకు ముద్దెలా దిగిందండీ?”

అంతలో నర్సు పిలిచింది. భార్య లేవబోయింది.

“నువ్వు కూర్చో,” అన్నాడతను, ఆమె వైపు చూడకుండానే. “నేనే చెప్పుకుంటాను.”