అసలు మాత్రలు

మళ్ళీ సారీ అంటారేంటండీ డాక్టరుగారూ? ఆయన పోయి నెల దాటింది. రాజమండ్రి నుంచి భీమవరం దాకా వచ్చింది సారీ చెప్పడానికా? కూర్చోండి, ఫ్యాన్ వేస్తాను.

ఏమన్నారూ? మందు పరీక్షలన్నీ ముగిశాయి, ఎవరికేది ఇచ్చారో సీలు విప్పి చూశారు, మా రాజుగారికి వచ్చింది అసలు మందే. అయినా ఆయనకి పనిచెయ్యలేదు. అంతేగా?

నాకు ఏడుపు రావట్లేదండి. ఏమీ అనుకోకండి.

మొదట్లో మీరే చెప్పారుగా. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఎవరికేది వచ్చిందో మీకూ తెలీదు, మాకూ తెలీదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్న మనిషికి ఇంకేం ఆశ ఉంటుంది చెప్పండి? సంతకం పెట్టేశారు.

తేలికపడ్డారు కూడానండి. అబద్ధమెందుకు? మంచం దిగి రొయ్యల చెరువు గట్టు చుట్టొచ్చేవారు. "నాది అసలుదే జానకీ!" అని ఒకటే సంబరం.

పోతురాజు గుర్తున్నాడా? కొవ్వూరతను. ఇసుక పడవ మీద పనిచేసేవాడు, అదే జబ్బు, మీ దగ్గరే మాత్రలు. తిరిగొచ్చేటప్పుడు మా కారులోనే తెచ్చి వాళ్ళ ఊళ్ళో దింపేవాళ్ళం. అబ్బ, ఏం దగ్గండీ అది! గోదావరి వంతెన దాటేలోగా మనిషి మెలికలు తిరిగిపోయేవాడు.

ఒకసారి వంతెన దిగాక డ్రైవరూ, అతనూ టీకి దిగారు. ఈయన తనదీ, అతనిదీ రెండు మాత్రల సీసాలూ ఒళ్ళో పెట్టుకున్నారు. "వాడివి ఉత్తవే జానకీ. నాకు నెమ్మదించింది కదా, కొన్నాళ్ళు నావి వాణ్ణి వేసుకోనీ" అన్నారు.

వద్దన్నాను. వినే మనిషా? మూతలు నన్ను పట్టుకోమన్నారు. ఇందులోవి అందులోకి, అందులోవి ఇందులోకి.

ఆ తర్వాత ప్రతిసారీ అంతే. పోతురాజుకి తెలియనే తెలియదు.

చలి మొదలయ్యేసరికి ఈయనకి మళ్ళీ ఆయాసం. "మనవి మనమే వేసుకుందామండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను.

"వాడిప్పుడు మళ్ళీ పడవెక్కుతున్నాడే. ఎలా లాక్కోను?" అన్నారు.

మళ్ళీ మూతలు పట్టుకున్నాను.

మొన్నామధ్య పోతురాజు వచ్చాడండి. ఇదిగో, మీరు కూర్చున్న కుర్చీలోనే. ఒక్కసారి కూడా దగ్గలేదు. రాజుగారిని తలుచుకుని భోరుమన్నాడు. నాకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు. కాఫీ ఇచ్చాను.

అలా చూడకండి. మీ లెక్కలో ఇద్దరు తారుమారయ్యారు, రాసుకోండి. నేరమంటే నన్నే అనండి, మూతలు పట్టుకున్నదాన్ని నేనేగా. అతనికి మాత్రం మందు ఆపకండి.

ఇంకోటి. మా ఆయన మీద పనిచెయ్యలేదని ఎక్కడా రాయకండి.

మీ మందు మంచిదేనండి. మా రాజుగారు వేసుకోలేదు, అంతే.