చిలకలు కొరికిన బోర్డులు

ఆస్ట్రేలియాలోని కటూంబా కొండల్లో చలి మొదలైంది. నెలలు నిండుతున్న కూతురు, ఆమె కోసం వెనక గది కడుతున్న తండ్రి వరండాలో నిలబడ్డారు.

“నాన్నా, మంచు కురిసిందా?”

“మంచు కాదే, నా థర్మకోల్! చలి ఆగడానికి గోడకి బయట ఏది వేస్తే తట్టుకుంటుందో చూద్దామని మూడు రకాల బోర్డులు పెట్టా. తెల్లారేసరికి కాకటూ చిలకల గుంపు దిగింది.”

“గులాబీ బోర్డు గట్టిదన్నావుగా? నీళ్లు పీల్చదన్నావు.”

“నీళ్లకి గట్టిదే. ముక్కులకి కాదు.”

“మెరిసే రేకు అంటించిన పసుపుదో?”

“చాక్లెట్ అనుకున్నాయేమో, రేకు ఒలిచి మరీ కొరికాయి.”

“నవ్వించకు, కడుపు పట్టేస్తోంది. మరి గది వెచ్చబడేదెలా? పాప వచ్చేది జులైలో, నడి చలికాలంలో!”

“గోడకి లోపలే వేస్తా. దాని మీద జిప్సం బోర్డు కొట్టేస్తా. ఇక పిట్టలకి అందదు.”

“గది ఇరుకైపోదూ? పాప మంచానికి చోటుండాలిగా!”

“అందుకే పసుపుది. ఖరీదెక్కువే, కానీ సన్నగా ఉండి కూడా చలిని బాగా ఆపేది అదే.”

“మరి నా మంచం?”

తండ్రి టేపు తీసి గది కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు.

“నీదీ పడుతుంది. కాకపోతే ఒంటి మంచం. అల్లుడు హాల్లో సోఫా మీద.”

“ఆ మాట నువ్వే చెప్పు నాన్నా. గది మాత్రం నాకు నచ్చేసింది.”