ఖాళీ లేని పేజీ

సాయంత్రం. అతను ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల భార్య, పక్కగదిలో తల్లి.

"ఏరా, ఫోన్లో ప్లేటు పాడైందంటున్నావు? కొత్తవాటిల్లోదేనా?"

"ప్లేటు కాదమ్మా, టెంప్లేటు. ఆఫీసుది."

"ఆఫీసుదైతే ఆఫీసువాళ్లే చూసుకుంటారు. కోడలికి ఉద్యోగమొచ్చిన రోజున ఆ మొహమేంట్రా?"

"ఆయన మొహం ఎప్పుడూ అంతేలెండి అత్తయ్యా. ఏవండీ, స్కూల్లో రాజీనామా ఇచ్చేశాను. నా క్లాసు అప్పుడే వేరే టీచరుకిచ్చేశారు."

"ఇచ్చేశావా?"

"ఇవ్వనా మరి? మీ కంపెనీ పేజీలో నా పేరు, దాని కింద 'మీరు ఎంపికయ్యారు' అని ఆకుపచ్చ అక్షరాలు. మీరు చేసిన పేజీయేగా."

"అదే... నేను చేసిందే."

"ఏమైంది?"

"చూడు, టెంప్లేటంటే పేజీకి అచ్చులాంటిది. పేరు దగ్గరో ఖాళీ, ఫలితం దగ్గరో ఖాళీ వదులుతాం. జావా ప్రోగ్రాము ఒక్కొక్కరి వివరాలూ తెచ్చి వాటిని నింపుతుంది."

"నింపిందిగా."

"పేరు నింపింది. ఫలితం దగ్గర... పేజీ ఎలా ఉంటుందో మేనేజరుకి చూపించాలని నేనే 'ఎంపికయ్యారు' అని రాశాను. తీసేసి ఖాళీ పెట్టడం మర్చిపోయాను."

"అంటే?"

"ఎవరు తెరిచినా ఎంపికయ్యారు."

"అందరూనా? ఉన్న ఖాళీ ఒక్కటేనన్నారు కదా."

"ఉద్యోగం ఖాళీ ఒక్కటే. నేను మర్చిపోయిన ఖాళీ వేరు. పరీక్షకి రానివాళ్లు కూడా ఎంపికయ్యారు. ఒకాయన స్వీట్లు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు."

"జావా జావా అంటూ నన్ను జావగార్చేశారు కదండీ."

"కాసిని మంచినీళ్లియ్యి."

"తాగండి. నమలకండి. ఆ తప్పు దిద్దారా?"

"మధ్యాహ్నమే దిద్దాను."

"దిద్దాక నా పేజీలో ఏముంది? పోయిందేగా? చెప్పండి, ఏమీ అనుకోను."

"అందరి పేజీలూ మారాయి."

"నాది అడుగుతున్నా."

"అమ్మా, నువ్వు కూర్చో."

"కూర్చునే ఉన్నాన్రా. దానికి చెప్పు."

"నీది మారలేదు. దిద్దాక కూడా ఎంపికయ్యారనే వచ్చింది. నువ్వొక్కదానివే."

"అంటే... నిజంగానే?"

"నిజంగానే. పరీక్షలో నువ్వే మొదట."

"మరింకేంరా, చచ్చేంత భయపెట్టావు."

"అందరి పేజీలూ మారి మా ఆవిడదొక్కటే మారకపోతే మేనేజరు ఏమనుకుంటాడమ్మా? అదీ నేనే రాసిపెట్టాననుకున్నాడు. జాబితాలోంచి దీని పేరు కొట్టేశాడు."