శుక్రవారం నిప్పు

సుంకమ్మ అని ఒకామె ఉండె. వంక అవతల కొట్టాలు ఉన్నాయి గదా, వాటిల్లో కడాకు ఆమె ఇల్లు. మొగుడు లేడు, బిడ్డల్లేరు, ఒక్కతే. మంచిదే అనుకో, కానీ శుక్రవారం వచ్చిందంటే ఆమెతో ఏగలేం. శుక్రవారంనాడు ఆమె ఇంట్లోనుంచి నిప్పు బయటికి పోకూడదు, అంతే. ఎందుకంటే, ఎప్పుడో ఒక శుక్రవారం ఎవరో అడిగితే పొయ్యిలో నిప్పు తీసి ఇచ్చిందంట. ఆ వారం తిరక్కుండానే మొగుడు పాము కరిచి పాయె. నిప్పెంబడి లక్ష్మి పోయింది, లక్ష్మెంబడి నా మొగుడు పోయినాడని ఆమె గట్టిగా నమ్మింది. పాము వారం అడిగి కరుస్తాదా అని మీరు నవ్వొచ్చు. ఆమె ముందర నవ్వే దమ్ము మాత్రం ఎవరికీ లేదు.

ఏమైందంటే, ఒక ఏడు ముసురు పట్టుకునింది. పట్టుకునిందంటే ఇడ్సల్యా. వంక పొంగె, సంతకు పోయే దారి లేకపాయె. ఇండ్లల్లో ఉన్న అగ్గిపెట్టెలు నెమ్ముకొని, గీకితే మందు రాలిపోతాంది. అయినా నిప్పుకు ఎవరు బెంగపడ్తారు? పిడక ముక్క పట్టుకొని పక్కింటికి పోతే పెడ్తారు గదా. ఈమేమో ఆమింట్లో ఉంటాదిలే అని పొయ్యి ఆరనిచ్చె, ఆమేమో ఈమింట్లో ఉంటాదిలే అని ఆరనిచ్చె. అందరూ ఇట్లనే అనుకున్యారు. తెల్లారి లేచి, గోనెసంచులు నెత్తిన కప్పుకొని, తలా ఒక పిడక ముక్కతో బజార్లోకి వచ్చి ఒకరి మొగం ఒకరు చూసుకున్యారంట. పొగ వచ్చేది ఒక్క సుంకమ్మ ఇంట్లోనుంచే. ఆ రోజేమో శుక్రవారం.

పక్కింటి గిడ్డయ్యకు కూతురుంది, ఈరమ్మ. ముందురోజే కానుపైంది. కొట్టం కారి కారి పడుకునే జాగా లేదు, బాలింతకు వేన్నీళ్ళు లేవు, బిడ్డ సల్లబడి ఏడ్సను గూడా సాతగాకుండా ఉంది. గిడ్డయ్య వచ్చి గడప బయట నిలబడి, వదినా, నాలుగు నిప్పులు పెట్టు, బిడ్డ దక్కేటట్టు లేదు అన్యాడంట. సుంకమ్మ లోపల్నుంచే, శుక్రవారం గిడ్డయ్యా, నాకింకేం మిగిలిందని అడుగుతావు అనె. ఆయప్ప వానలో అట్లనే నిలబడినాడు. సుంకమ్మకు నిప్పు ఇద్దామంటే భయం, ఇయ్యకుండా ఉందామంటే అదీ భయమే. కడాకు ఏమనిందో తెలుసునా? నిప్పు బయటికి రాదు, బాలింతనే లోపలికి ఎత్తుకరా పో అనింది!

గిడ్డయ్య బిత్తరపోయినాడు. పురిటి మైల వదినా, నీ ఇంట్లోకి ఎట్ల తెస్తారు అన్యాడు. మైలైతే ఇల్లు అలుక్కుంటే పోతాది, పోయిన లక్ష్మిని ఏం పెట్టి అలికితే వస్తాది, నువ్వు ఎత్తుకరా ముందు అని కసిరింది. తెచ్చినారు. సుంకమ్మ బిడ్డను కొంగులో చుట్టుకొని, పొయ్యి ముందర కూసోని, అరచెయ్యి కాచి కాచి పాదాలకు అద్దింది. అద్దతా ఉంటే, కొంచేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడ్సె. సుంకమ్మ గూడా ఏడ్సింది. బిడ్డలు లేని మనిషి గదా.

ఆ ఏడుపు బజారంతా వినబడింది. మైల ఎట్లాగూ వచ్చిందిలే, ఇంక మనం పోతే ఏమని ఒకామె కుండ ఎత్తుకొని వచ్చె. ఇంకొకామె రాగిపిండి తెచ్చె. ఒకరింట్లో ఉప్పు, ఒకరింట్లో చింతపండు. కట్టెలు అయిపోతే ఒకాయన ఎద్దులకు మేతేసే గాడి మీది దూలం పీకి తెచ్చి నరికినాడు. మొగోళ్ళు పోయి గిడ్డయ్య కొట్టానికి బోదగడ్డి కప్పినారు. ఊరంతా ఒకే సంగటి కుండ! వంక తగ్గిందాకా ఆ పొయ్యి ఆరల్యా. శనివారం వచ్చినా, ఆదివారం వచ్చినా, నిప్పు ఇయ్యమని అడిగినోళ్ళు లేరు, అందరూ వచ్చి అక్కడే వండుకున్యారు.

ముసురు పోయినాక ఎవరిండ్లకు వాళ్ళు పోయినారు. సుంకమ్మ ఇల్లు అలుక్కునింది. ఊర్లో మాత్రం వానకాలమొస్తే వంతులేసుకొని ఆమె పొయ్యికి కట్టెలు పడేసేది అలవాటైంది. సుంకమ్మ మారిందేమో అనుకోవద్దండి. సచ్చేదాకా శుక్రవారంనాడు ఒక్క నిప్పు బయటికి ఇయ్యల్యా. ఎవరన్నా వస్తే, లోపలికొచ్చి వండుకోని పో అనేదంట. అందుకని ఆ కొట్టాల్లో ఆడోళ్ళు శుక్రవారం పొద్దున లేస్తానే, బాగా మండే పొయ్యిలో చెంబెడు నీళ్ళు పోసి, నిప్పు లేదు నిప్పు లేదని కుండ ఎత్తుకొని సుంకమ్మ ఇంటికి పోయేవాళ్ళంట. ఇది మా జేజమ్మ చెప్పింది. ఆమే ఎన్నోసార్లు పోసిందంట.