నారుమడిల కాలు చాపుకొని

“అవ్వా, కాలు గింత వాచినా ఊకె కూసోబుద్ది అయితలేదు. నీకు సుత ఒకపారి బెణికిందట గద, ఏం జేసినవ్?”

ఏం జేసిన్నా? ముందుగాల బుద్దిలేని పని జేసిన బిడ్డా. ఆ మెత్త, గదే దిండు, కాలు కింద వెట్టు, ఆఁ గట్ల. మొన్న బాన్సువాడ దవాఖానల డాక్టర్ సుత ఎత్తు మీద ఉంచుమన్నడు గద. గప్పుడు నాకు పెండ్లయి రెండేండ్లు. కాదు కాదు, మూడో ఏడు. యాసంగి నాట్లు. నిజాంసాగర్ నీళ్ళు కాలువల ఇడిసిన్రు. ఒడ్డు మీద నడుస్తుంటె కాలు మడత వడ్డది. చీలమండ బూరె లెక్క ఉబ్బింది. ఎవ్వలికి చెప్పలే. ఉడుకుడుకు నీళ్ళు పోసుకొని, నూనె రాసి గట్టిగ పిసుక్కున్న. ఇగ చూడు, తెల్లారేసరికి వాపు రెండింతలు!

ఎందుకు దాసినవంటవా? మాకు గప్పుడు బదులు ఉండె. ఈ పొద్దు నీ మడిల నేను నాటేస్తే, రేపు నా మడిల నువ్వు నాటెయ్యాలె. ఇంకా నలుగురి మడులు ఉన్నయి, మాది ఆఖరుకు. నేను పోకపోతే మా మడికి ఎవరొస్తరు? నారు ముదురుతది, కాలువ బందయితది. గా ఏడు మా తిండిగింజలు ఆ మడి మీదనే. మస్తు భయమైంది బిడ్డా.

మా అత్తమ్మ చూడనే చూసింది. “వాచిన కాలును పిసుకుతవా, పిచ్చిదానా!” అని తిట్టింది. ఆమె నోరంటే ఊరంతకు భయమే, గని చెయ్యి మెత్తన. చల్ల నీళ్ళ గుడ్డ కట్టింది, వేళ్ళు నల్లవడకుండ జర వదులుగ. గొంగడి మడతవెట్టి దాని మీద కాలు వెట్టింది. రెండు దినాలు లేవనియ్యలే. మూడోనాడు, “పా, నాటెయ్యకు, నారు పీకు” అని పీట సంకల వెట్టుకొని తోల్కపోయింది.

నారుమడిల పీట మీద కూసొని, కాలు చాపుకొని, నారు పీకి కట్టలు కడుతుంటి. చల్లటి నీళ్ళు చీలమండ చుట్టు తిరుగుతుండె. వేళ్ళు మెల్లగ ఆడిచ్చుకుంట ఉంటి. అవతల మడిల ఆడోల్లు వంగి, పాట పాడుకుంట ఎనుకకెనుకకు పోతుంటె, నాకు కలల ఉన్నట్టే ఉండె. ఆ నొప్పి సుత ఎవలిదో అనిపిచ్చేది. గిప్పటికీ కండ్లు మూస్తే ఆ పచ్చి నారు వాసన వస్తది, నీ మీదొట్టు.

గని సాయవ్వ అని, మా ఆడోల్లకు పెద్ద, ఒకనాడు అననే అన్నది. “కూసొని నారు పీకుడు, వంగి నాటేసుడు ఒక్కటేనా?” అని. నేను తల ఎత్తలే.

ఇగ మా మడి వంతు వచ్చేసరికి వాపు దిగింది గని బలం రాలే. పొద్దుగాలనే నేను, అత్తమ్మ కట్టలన్ని మడిల ఏసి ఒడ్డు మీద నిలవడ్డం. ఎవ్వలు లేరు. పొద్దు బారెడెక్కింది. అత్తమ్మ కాలువ కట్ట దిక్కే చూస్తున్నది. నాకైతే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, దాసుడెందుకు. గప్పుడు కాలువ కట్ట మీదికెళ్ళి ఒక్కొక్కలు వచ్చిన్రు బిడ్డా, చీరలు ఎగజెక్కుకొని. ముందట సాయవ్వనే!

“చూస్తవేందే, దిగు” అని చెయ్యి వట్టి నన్ను వరుస నడుమ నిలవెట్టింది. ఒక దిక్కు ఆమె, ఇంకో దిక్కు వేరు కాపురమున్న మా తోటికోడలు. నేను బురదల ఒక్కో అడుగు ఎనుకకేస్తున్న, భయపడుకుంట. వీళ్ళంత నన్ను ఇడిసి ఎంత దూరం పోయిన్రో అనుకొని తల ఎత్తిన. ఎవ్వలు పోలే. పన్నెండుమంది, తాడు వట్టి గీసినట్టు ఒక్కటే వరుస. నా ఒక్క కాలు కోసం అందరు మెల్లగ అడుగేస్తున్రు. పాట సుత మెల్లగనే పాడిన్రు. ఒక్కతి గూడ పైకి ఒక్క మాటనలే.

ఆఁ... ఏం లేదు, కండ్లల్ల ఏదో పడ్డది. నీ కాలుకేం గాదు తల్లీ, నిమ్మళమైతది. సల్లగ బతుకు. నీ పక్కపొంటి మెల్లగ నడిసేటోల్లు నీకు సుత దొరకాలె బిడ్డా... గంతే, ఇంకేం గావాలె...