ఒర్తాన్స్ అక్క రాసిన నాలుగు

జెనీవా వేలం కంపెనీ నుంచి ఇంత మంచులో పడి వచ్చి నువ్వడిగేది ఈ నాలుగంకె గురించా తల్లీ? కూచో. ఆ కుర్చీ కాదు, దాని కాలు సరిగా లేదు. ఇలా తే వాచీ. ఆఁ, మా కంపెనీ నూరేళ్ల పండక్కి నూరంటే నూరే చేశాం. అంకెలన్నీ ఒర్తాన్స్ అక్క చేతివే. పింగాణీ డయలు మీద పిల్లి మీసమంత కుంచెతో, ఊపిరి బిగబట్టి రాసేది. పక్కన దగ్గితే చాలు, "నీ దగ్గు నా తొమ్మిదిలో పడిందిరా, వెధవా!" అని లేచేది. పోయి ముప్ఫయ్యేళ్లయింది పాపం.

ఏం చెబుతున్నా? ఆఁ, నాలుగు. రోమన్ అంకెల్లో నాలుగంటే ఒక గీతా, పక్కన వీ అని బళ్లో చెబుతారు కదూ? మా లోయలో గడియారానికి మాత్రం నాలుగు నిలువు గీతలే. ఎదురుగా ఎనిమిది అంత లావున కూచుంటుందా, ఇటు నాలుగు గీతలుంటేనే ముఖం ఒరిగిపోకుండా ఉంటుంది. తాతల నాటి నుంచీ అంతే. సరిగ్గా ఆ నూరేళ్ల పండగ ముందే జ్యూరిక్ నుంచి కున్‌జ్లీ అని కొత్త మేనేజరు దిగాడు. అంతకు ముందు చాక్లెట్లు అమ్మేవాట్ట. "ఏమమ్మా, నాలుగు రాయడం రాదా? మా అమ్మాయి రెండో క్లాసు, అది కూడా తప్పు పడుతుంది" అన్నాడు. అక్క నెమ్మదిగా చెప్పి చూసింది. వింటేనా! వీయే పెట్టాలని కాయితం మీద రాసి నా చేతికిచ్చాడు, నేను మేస్త్రీని కదా. "రాయనంటే బెంచీ ఖాళీ చెయ్యమను" అన్నాడు. ముప్ఫయ్యొక్కేళ్లు కూచున్న బెంచీ అది. ఆ కిటికీ వెలుతురు తప్ప ఇంకో లోకం తెలీదు మనిషికి. రాసింది. నూరూ రాసింది.

విందు రోజున యజమాని తల్లి, ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ, భూతద్దంలో చూసి, "ఇది మన ఇంటి వాచీ కాదు. ఎవరో దొంగ సరుకు అంటగట్టారు" అంది. కున్‌జ్లీ చటుక్కున లేచి, "ముసలి చెయ్యి కదండీ, జారింది" అన్నాడు. అక్క నా వైపు చూసింది. కాయితం నా జేబులోనే ఉంది. అది లేకుండా అక్క మాట ఎవరు నమ్ముతారు? నేను సాసేజీ కోసుకుంటున్నా. చాలా శ్రద్ధగా కోసుకుంటున్నా. చూసి చూసి అక్కే లేచింది. "అవునమ్మగారూ, జారింది. నూరుసార్లూ ఒకేలా జారింది" అంది. ఆ మాట వాళ్ల బుర్రకెక్కితేనా! సోమవారానికి బెంచీ ఖాళీ.

సిగ్గుపడ్డానా అంటావా? పడ్డా. పడుతూనే ఈ నూరో నంబరు వాచీ బహుమానంగా ఇస్తే పుచ్చుకున్నా కూడా. ఇప్పుడేమో ఆ తప్పు నాలుగుకే వేలంలో కొట్టుకు ఛస్తున్నారు.

ఏమిటీ? మీ వేలం పుస్తకంలో నా వాచీ కింద, ఈ నాలుగు "మేనేజరు కున్‌జ్లీ గారి సాహసం" అని అచ్చయిపోయిందా? మార్చాలంటే మళ్లీ అచ్చెయ్యాలా? ధర కూడా దిగుతుందా?

ఊఁ.

నా కళ్లజోడెక్కడ పెట్టానో... నిజమేనని సంతకం ఇక్కడేనా?