చదివి వినిపించగా విని

రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటి రేకుల షెడ్డులో ఇప్పుడు ఒక్క బల్లే మిగిలింది. దాని వెనక కూర్చున్న దస్తావేజుల రైటరు, ఒక పెద్దామె తెచ్చి తన ముందు పెట్టిన కాగితాలను ముట్టుకోలేదు.

"ఇది ఆన్‌లైన్‌లో చేసుకున్నదే కదమ్మా! ఎవరి పత్రం వాళ్లే చేసుకోవచ్చని కొత్త పద్ధతి వచ్చె. ఇంక నాతో ఏం పని?"

"రాసేదానికి కాదు సామీ. మా తమ్ముడి కొడుకు అంతా ఫోన్లోనే కొట్టినాడు. నువ్వు సదివి ఇనిపించు, సాలు."

"వాడే చదవచ్చు కదా?"

"అడిగితిని. 'అన్నీ మామూలు మాటలే అత్తా, యేలు పెట్టు' అన్నాడు. మా నాయన భాగాలు పంచినప్పుడు నువ్వు గట్టిగా సదివితే ఇంటిల్లిపాదీ ఇంటిమి."

ఆయన కళ్లజోడు తగిలించుకున్నాడు. చదివేకొద్దీ గొంతు నెమ్మదించింది.

"'ఐరాల మామిడితోపును నేటి నుండి నీకు స్వాధీనం చేసినాను...' ఏమమ్మా, ఈ పొద్దే ఇచ్చేస్తా ఉండావా?"

"ఈ పొద్దేంది? నేను పోయినాక గదా!"

"అట్లయితే వీలునామా రాయాల. ఇది సెటిల్‌మెంటు. రిజిస్టరయితే తోపు ఈ పొద్దు నుంచే వాడిది."

"సెటిల్‌మెంటంటే, రేపు తగువు రాకుండా సేసేది అనుకొంటి సామీ."

ఆమె మిగిలిన కాగితాన్ని వేలితో చూపింది.

"ఇంకేముండాది? కడదాకా సదువు."

"కడాన ఎప్పుడూ ఉండే మాటే. 'చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసినాను.'"

"నువ్వు సదివినావు, నేను ఇన్నాను. అంతమటుకు నిజమే," అంటూ ఆమె బొటనవేలిని కొంగులో చుట్టుకుని లేచింది.